ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్ల వెంటపడాలా, వదిలేయాలా?

కౌంటర్ కుర్రోడు: విశాఖలో జగదాంబ దగ్గర ఒక చీరల షాపులో పనిచేస్తున్నాను. కస్టమర్ మెట్లెక్కగానే ఎదురెళ్లాలి, వెనకే తిరగాలి, బిల్లు లేకుండా బయటికి పంపకూడదు. ఇదీ మా ఫ్లోర్ మేనేజర్ రూలు. ఎదురెళ్తే సగం మంది "ఏం లేదు బాబూ, ఊరికే చూస్తున్నాం" అని పక్క ర్యాకుకి జరిగిపోతున్నారు. వదిలేస్తే నాకు క్లాసు. అమ్మేవాళ్లే కాదు, కొనేవాళ్లూ చెప్పండి.

ఎంవీపీ కాలనీ అక్క: వదిలేయండి బాబూ. చీర మీద చెయ్యి వేయడం ఆలస్యం, "ఎంతలో చూపించమంటారు మేడం?" అంటారు. వెయ్యి అంటే మొహం మారుతుంది, ఐదువేలంటే ఎనిమిదివేలవి దించుతారు. ఎంత పెడతానో నాకే తెలీదు, ముందు చీర నచ్చాలి కదా! పది చీరలు విప్పించాక కొనకుండా లేవాలంటే మొహమాటం. అందుకే ముందే ఆ మాట అనేస్తాం.

గాజువాక సూపర్‌వైజర్: పలకరించకపోతే "ఇక్కడ ఎవరూ పట్టించుకోరు" అని పక్క షాపుకి పోయేది కూడా మీరే అక్కా. అద్దె, కరెంటు, జీతాలు బిల్లుల్లోంచే రావాలి. వెంట తిరగాల్సిందే.

డాబాగార్డెన్స్ పాత గుమాస్తా: పలకరించడం వేరు, వెంటపడడం వేరు సూపర్‌వైజర్ గారూ.

తమ్ముడూ, రాగానే "రండమ్మా" అని నీ చీరలు నువ్వు మడత పెట్టుకుంటూ ఉండు. చూపు మాత్రం వాళ్ల చేతుల మీద ఉంచు. నిజంగా ఊరికే చూసేవాళ్లు దొంతర మీద చెయ్యి అలా జరుపుకుంటూ పోతారు. మనసు పడ్డవాళ్లు ఒకచోట ఆగి అంచు వేళ్ల మధ్య నలుపుతారు, తర్వాత ధర చీటీ తిప్పుతారు. చీటీ చూసి వదిలేసి, రెండడుగులేసి మళ్లీ వెనక్కి చూశారా, అప్పుడు వెళ్లు.

వెళ్లి ఎంతలో అనకు. "కట్టుకోవడానికా అమ్మా, ఎవరికైనా పెట్టడానికా?" అను. పెట్టుబడి చీరలైతే ఎన్ని కావాలో, పెళ్లి ఎప్పుడో వాళ్లే చెబుతారు, రేటు నీకు అర్థమైపోతుంది. తనకే అంటే ఏ ఫంక్షన్‌కో, బ్లౌజు కుట్టించే టైము ఉందో లేదో అడుగు. అప్పుడు మూడు దించు. ముప్పై కాదు. వద్దన్నది వెంటనే మడిచి తీసేయ్. గుట్ట పెరిగేకొద్దీ ఆవిడకి మొహమాటం, నీకు విసుగు.

ఖరీదైన చీర దగ్గర వెనకాడితే అసలో నకిలీయో అన్న అనుమానం కూడా కావచ్చు. ఉప్పాడ జాందానీ అయితే "గ్యారంటీ అండీ" అని పదిసార్లు అనే బదులు తిరగేసి చేతికివ్వు. పువ్వు వెనకవైపూ ముందులాగే ఉంటుంది, దారాలు వేలాడవు. అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ చీటీ ఉంటే అదీ చూపించు.

కురుపాం మార్కెట్ నగలు: బంగారంలోనూ అంతే. అనుమానపడేవాళ్లకి మా నోటి మాట ఎక్కదు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగకి అంకెలు, అక్షరాలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు నంబరు తప్పనిసరి కదా, ఆ నంబరు వాళ్ల ఫోన్లోనే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టిస్తాం. తరుగు మాత్రం ముందే చెప్పేయాలి. బిల్లు దగ్గర తెలిస్తే లేచిపోతారు.

గాజువాక సూపర్‌వైజర్: ఆషాఢం ఆఫర్లలో కౌంటర్‌కి ఇద్దరే ఉంటారు. ఎవరి చేతులని చూస్తారు?

డాబాగార్డెన్స్ పాత గుమాస్తా: ఆ రద్దీలో తోసుకుంటూ ఎవరూ ఊరికే చూడ్డానికి రారు. మనం మాట్లాడుతున్నది మంగళవారం మధ్యాహ్నం సంగతి.

సీతమ్మధార నుంచి: మాకు స్టూలు వేస్తారు, సేల్స్ పిల్లలకేదీ? షాపు సిబ్బందికి కూర్చునే హక్కు ఇస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం మార్చాయి. పొద్దుట్నుంచి నిలబడ్డ మనిషి రాత్రి ఎనిమిదికి నవ్వుతూ పలకరించాలంటే ఎలా? ఆ నీరసం చూసి ఏమీ అడగబుద్ధికాక వచ్చేసిన రోజులున్నాయి.

కౌంటర్ కుర్రోడు: "కట్టుకోవడానికా, పెట్టడానికా" రేపే మొదలెడతాను గురువు గారూ. మరి "మళ్లీ వస్తాం" అని లేచేవాళ్లని ఆపాలా?

డాబాగార్డెన్స్ పాత గుమాస్తా: ఆపకు. తగ్గిస్తానంటూ మెట్ల దాకా వెళ్తే మొదట చెప్పిన రేటు అబద్ధమనుకుంటారు. చీర ఫొటో తీసుకోమను, సాయంత్రం దాకా పక్కన పెడతానని నీ పేరు చెప్పి పంపు.

ఎంవీపీ కాలనీ అక్క: ఫొటో తీసుకోనిచ్చే షాపేదో ముందు చెప్పండి గుమాస్తా గారూ! నేను ఫోన్ తీస్తే చాలు, "నో ఫొటో మేడం" అని పరిగెత్తుకొస్తారు.