సింధుదుర్గం సముద్రపు గోడల అడుగుభాగం చూడాలంటే ఎప్పుడు వెళ్లాలి?

ప్రశ్న (దేవరకొండ):
మా నాన్నగారు జీవితమంతా రాతిపని చేసిన మేస్త్రి. దేవరకొండ, రాచకొండ కోటలలో ఏ గోడ దగ్గరైనా ఆయన ముందు కింది వరుసలనే పరిశీలిస్తారు. సముద్రం మధ్య దీవిపై కట్టిన గోడను ఆయనకు ఒకసారి చూపించాలని నా కోరిక. మహారాష్ట్ర కొంకణ తీరంలోని సముద్రపు కోటలు సింధుదుర్గం, జంజీరాలలో ఏది మేలో తెలియజేయగలరు. ఆయనకు డెబ్బై ఏళ్లు దాటాయి. సమతలంపై బాగా నడుస్తారు కాని ఎత్తైన మెట్లు ఎక్కలేరు. గుడులు, ఫిరంగుల కంటే, ఇన్ని వందల ఏళ్ల అలల తాకిడికి గోడ అడుగు ఎలా నిలిచిందో దగ్గరగా చూడాలన్నదే ఆయన పట్టుదల.

సమాధానం (మహబూబ్‌నగర్):
సార్, మీ నాన్నగారి కోరికకు సింధుదుర్గమే సరిపోతుంది. జంజీరా గోడలు దాదాపు నీటిలోంచే లేస్తాయి. పైగా ఊగే పడవలోంచి నేరుగా ద్వారం మెట్లపైకి కాలు వేయడం పెద్దవారికి కష్టం. సింధుదుర్గం మాల్వన్ ఊరికి ఎదురుగా ఉన్న కుర్టే దీవిపై ఉంది. శివాజీ ఆజ్ఞతో 1664 నవంబరులో మొదలైన నిర్మాణం హిరోజీ ఇందుల్కర్ పర్యవేక్షణలో 1667 నాటికి పూర్తయింది. సుమారు 30 అడుగుల ఎత్తు, 12 అడుగుల మందం గల గోడ దీవి అంచు ఎటు వంగితే అటు వంగుతూ 48 ఎకరాలను చుట్టి వస్తుంది. పడవలో వెళ్తున్నప్పుడు ద్వారం కోసం ఎంత వెతికినా కనిపించదు, ఎందుకంటే రెండు బురుజుల వంపులో దానిని దాచారు. లోపల బాట చాలా మేరకు సమతలంగానే ఉంటుంది కనుక మెట్ల బాధ తక్కువ. గోడలోని ఒక చిన్న దిడ్డి గుండా బయటికి వెళ్తే ‘రాణీచీ వేళా’ అనే ఇసుక తీరం వస్తుంది. గోడను బయటి వైపు నుంచి చూడటానికి అది మంచి చోటు. మన మహబూబ్‌నగర్ మీదుగా గోవా వెళ్లే రైలులో మడ్‌గావ్ చేరి, అక్కడి నుంచి కొంకణ్ రైల్వేలో కుడాళ్ వెళ్లి, బస్సులో మాల్వన్ చేరవచ్చు. వానాకాలంలో పడవలు నడపరు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం.

సమాధానం (నల్లగొండ):
నెల కంటే తిథి ముఖ్యమని నా అభిప్రాయం. పౌర్ణమి, అమావాస్యల దరిదాపుల్లో ఆటు (నీరు వెనక్కి తగ్గడం) లోతుగా ఉండి గోడ అడుగు బాగా బయటపడుతుంది. అష్టమి ప్రాంతంలో నీరు అంతగా వెనక్కి పోదు. అయితే ఆ తీరంలో పౌర్ణమి, అమావాస్య రోజుల్లో పోటు ఇంచుమించు మధ్యాహ్నానికి, ఆటు తెల్లవారుజామున, సాయంకాలం వస్తాయి. అవి పడవలు సరిగా దొరకని వేళలు. ఆటుపోట్లు రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి కనుక, పౌర్ణమి, అమావాస్యలకు ముందే ద్వాదశి, త్రయోదశి నాడు వెళ్తే మధ్యాహ్నం తర్వాత, పడవలు తిరిగే సమయంలోనే నీరు తగ్గుతుంది. ఇది సుమారు లెక్క మాత్రమే. బయలుదేరే ముందు ఆ రోజు ఆటుపోట్ల పట్టిక తప్పక చూడండి. పడవవారు సాధారణంగా కోటలో గంటసేపే ఆగనిస్తారు, ఎక్కువ సేపు కావాలని ఎక్కకముందే మాట్లాడుకోవాలి.

సమాధానం (గద్వాల):
నేను కూడా రాతిపని కుటుంబం నుంచి వచ్చినవాడినే కనుక మీ నాన్నగారి ఆసక్తి నాకు అర్థమవుతుంది. సింధుదుర్గం పునాది రాళ్లను సీసం కరిగించి పోసి బిగించారని చరిత్రకారులు చెబుతారు. సముద్రపు గోడను అల ఒక్కటే దెబ్బ తీయదు, ఉప్పు అంతకన్నా ఓపికగా తింటుంది. ఉప్పునీరు రాతి రంధ్రాలలోకి దిగి ఆరినప్పుడు లోపల ఉప్పు గడ్డకట్టి పెరుగుతుంది, ఆ ఒత్తిడికి రాతి రేణువులు విడిపోతాయి. దీనిని కళ్లారా చూడాలంటే అదే తీరంలో మురుడ్ దగ్గరి పద్మదుర్గం అనే సముద్రపు కోట సాటిలేని ఉదాహరణ. అక్కడ రాళ్లు గుంటలు పడి లోపలికి అరిగిపోగా, వాటి మధ్యనున్న సున్నం మాత్రం తేనెపట్టు గదుల అంచుల్లా ముందుకు పొడుచుకొని నిలిచింది. మన నాగార్జునసాగర్ ఆనకట్ట అంత పెద్ద రాతి కట్టడమైనా మంచినీటిలో ఉండటం వల్ల ఈ ఉప్పు బాధ దానికి లేదు. సింధుదుర్గం గోడను పరిశీలించేటప్పుడు ఎప్పుడూ తడిగా ఉండే కింది వరుసల కంటే, తడిసి ఆరుతూ ఉండే పై వరుసలను ఎక్కువసేపు చూడమనండి, అరుగుదల అక్కడే ఎక్కువగా తెలుస్తుంది.

ప్రశ్న వేసినవారు (దేవరకొండ):
అందరికీ కృతజ్ఞతలు. మాఘ శుద్ధ ద్వాదశికి ఏర్పాటు చేసుకుంటున్నాము. ఆటు సమయంలో నాన్నగారిని గోడ అడుగు దాకా నడిపించవచ్చా?

సమాధానం (మహబూబ్‌నగర్):
ఇసుక ఉన్నంత మేర నిశ్చింతగా నడిపించండి, సార్. నీరు తగ్గగానే బయటపడే రాళ్లపై పచ్చని పాచి ఉంటుంది కనుక వాటిపై అడుగు వేయనివ్వకండి. నీరు మళ్లీ పెరగడం మొదలయ్యేలోపే దిడ్డి లోపలికి వచ్చేయండి.