గజేనియా మొక్కలు మొదలు దగ్గర కుళ్లిపోతున్నాయి, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు. ఇంటి ముందు చీమకుర్తి గ్రానైట్ ముక్కలు పేర్చి చిన్న రాకరీ చేసుకుని, ఆ రాళ్ల సందుల్లోనూ నడక దారి అంచు వెంబడీ అక్టోబర్‌లో 20 గజేనియా మొక్కలు నాటాను. నవంబర్ వానలకి అంచులో ఉన్నవి ఒక్కొక్కటిగా వాడిపోయాయి, నీళ్లు చాలలేదేమో అనుకుని ఇంకా పోశాను, తీరా ఒకటి పట్టి లాగితే వేళ్లు లేకుండా చేతికొచ్చేసింది, మొదలంతా గోధుమరంగులో మెత్తగా అయిపోయింది. మాది నల్లరేగడి, వాన పడితే రెండు రోజులైనా నీళ్లు ఇంకవు. రాళ్ల మధ్య ఎత్తులో ఉన్న 7 మాత్రం బాగున్నాయి. ఆకు తిప్పితే అడుగున వెండిలా తెల్లగా ఉంటుంది, ఎండెక్కాక నారింజ రంగు పూలు విచ్చుకుంటుంటే పని మానుకుని చూస్తుంటాను, మబ్బు పడితే ముడుచుకుంటాయి.

అంచులో అడుగు ఎత్తు కట్ట పోసి సగానికి సగం ఏటి ఇసుక కలిపితే సరిపోతుందా? వానలు తగ్గాక డిసెంబర్ చివర్లో నాటడం మేలా? ఇంకో దిగులు, మే నెలలో ఈ నల్లరాయి చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. దక్షిణాఫ్రికా మొక్క, ఎండకి ఓర్చుకుంటుంది సరే, మన రోహిణి కార్తెకి నిలబడుతుందా, లేక ఇప్పుడే విత్తనం తీసి దాచుకోవాలా? ఒంగోలు, కావలి వైపు పెంచినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి, ఉన్న ఏడూ పోగొట్టుకోలేను.