పెనుకొండలో తయారయ్యే కారును అనంతపురంలో కొనాలా, బెంగళూరు వెళ్ళి కొనాలా?

శింగనమల చెరువు, అనంతపురం (చర్చ ప్రారంభం)

మా ఇంట్లో అమ్మానాన్నలతో కలిపి ఆరుగురం. ఇప్పుడున్న చిన్న కారులో అందరం ఒకేసారి ప్రయాణించలేకపోతున్నాం కాబట్టి, పెద్దవాళ్ళు నడుము వంచకుండా ఎక్కి దిగగలిగేటంత ఎత్తున్న కుటుంబ వాహనం కొనాలనుకుంటున్నాం. పన్ను, బీమా అన్నీ కలిపి పదిహేను లక్షలు దాటకూడదు. కియా సెల్టోస్, కేరెన్స్ రెండూ చూశాం, పిల్లలకు సెల్టోస్ నచ్చింది. బెంగళూరులో ఉంటున్న మా బావమరిది అక్కడి షోరూమ్‌లో అదే కారు ఇక్కడికంటే యాభై వేలు తక్కువకు ఇస్తామన్నారని చెబుతున్నారు. కారు మన పక్కనే పెనుకొండలో తయారవుతూ ఉంటే మనమే ఎక్కువ ఎందుకు చెల్లించాలని నాన్నగారు అడుగుతున్నారు. బెంగళూరు వెళ్ళి కొనడమే సరైనదని నాకు అనిపిస్తోంది. కాదనేవారు కారణాలతో సహా చెప్పగలరు.

గుత్తి కోట, అనంతపురం

ముందు నాన్నగారి ప్రశ్నకు జవాబు చెబుతాను. పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గరున్న కియా ఫ్యాక్టరీ నుంచి కారు అనంతపురానికి వచ్చినా, అస్సాం వరకు వెళ్ళినా, కంపెనీ రవాణా ఖర్చును మొత్తం అమ్మకాల మీద సర్ది ధర నిర్ణయిస్తుంది. జీఎస్టీ కూడా దేశమంతటా ఒకటే కనుక ఎక్స్‌షోరూమ్ ధరలో (రిజిస్ట్రేషన్, బీమా కలపని ధరలో) ఊరికీ ఊరికీ పెద్ద తేడా ఉండదు. అసలు తేడా ఆ తరువాతి వరుసల్లో వస్తుంది: రాష్ట్రం వసూలు చేసే జీవితకాల పన్ను, బీమా, అదనపు సామగ్రి, డీలరు తన లాభంలో నుంచి వదులుకునే తగ్గింపు. కాబట్టి యాభై వేలు ఏ వరుసలో తగ్గాయో తెలియకుండా అది లాభమని అనుకోవడానికి వీల్లేదు.

బావమరిది గారి చిరునామాతో కర్ణాటకలోనే రిజిస్ట్రేషన్ చేయించాలన్నది ఆలోచన అయితే, దయచేసి మానుకోండి. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో నమోదైన వాహనాన్ని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. అప్పుడు మన రాష్ట్రంలో మళ్ళీ పన్ను కట్టి, కర్ణాటకలో కట్టిన దానిలో వాపసు రావలసిన భాగం కోసం దరఖాస్తు పట్టుకొని తిరగాలి. అక్కడ తాత్కాలిక రిజిస్ట్రేషన్ మాత్రమే చేయించి, శాశ్వత నంబరు అనంతపురంలో తీసుకోవడం చట్టబద్ధమైన మార్గమే. అయితే అప్పుడు మీరు కట్టేది ఆంధ్రప్రదేశ్ పన్నే కాబట్టి, బెంగళూరు వెళ్ళినందువల్ల పన్నులో రూపాయి కూడా మిగలదు.

మిగిలింది బీమా. రెండు షోరూమ్‌ల కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూడండి. తగ్గింపుగా ఇచ్చిన మొత్తంలో కొంత బీమా వరుసలో తిరిగి తీసుకోవడం చాలా చోట్ల కనిపిస్తుంది. మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా (ఇతరులకు జరిగే నష్టానికి) తప్పనిసరి, దాని ధర అందరికీ ఒకటే. సొంత నష్టానికి సంబంధించిన బీమాను మాత్రం మీకు నచ్చిన కంపెనీలో తీసుకోవచ్చు, షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. ఐడీవీ (కారు పూర్తిగా పోతే బీమా కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం), జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల అరుగుదల పేరుతో కోత లేకుండా చెల్లించడం) వంటి అదనపు రక్షణలు రెండు పాలసీల్లోనూ సమానంగా ఉన్నాయో లేదో చూసి పోల్చాలి. ఐడీవీ తగ్గించి ప్రీమియం తగ్గినట్టు చూపించడం సులభం.

చిత్రావతి గట్టు, ధర్మవరం (ప్రస్తుతం బెంగళూరు)

గుత్తి కోట గారు చెప్పిన లెక్కలతో నాకు పేచీ లేదు, ముగింపుతో ఉంది. బెంగళూరులో ఒకే కంపెనీకి అనేక షోరూమ్‌లు ఉంటాయి, నెలాఖరుకు ప్రతి ఒక్కరికీ అమ్మకాల లక్ష్యం ఉంటుంది. ఒకరి కొటేషన్ మరొకరికి చూపించి బేరం చేయగలిగే అవకాశం ఒకే షోరూమ్ ఉన్న ఊరిలో దొరకదు. మీరు కోరిన వేరియంటు, రంగు అక్కడ గోదాములో సిద్ధంగా ఉండే అవకాశం కూడా ఎక్కువ. వారంటీ దేశమంతటా చెల్లుతుంది కాబట్టి, అక్కడ కొన్న కారుకు అనంతపురంలో సర్వీసు చేయించడానికి అడ్డంకి లేదు. జాతీయ రహదారి 44 మీద మూడున్నర, నాలుగు గంటల ప్రయాణానికి భయపడి బేరం వదులుకోవడం నాకు న్యాయంగా తోచదు.

అయితే ఒక జాగ్రత్త ఉంది. పెద్ద తగ్గింపు ఇస్తున్న కారు చాలా సందర్భాల్లో నెలల తరబడి యార్డులో ఎండకు నిలిచినదై ఉంటుంది. అమ్మకపు పత్రమైన ఫారం 21లో తయారైన నెల, సంవత్సరం రాసి ఉంటాయి. టైరు పక్కన ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. నిరుడు తయారైన కారును ఈ ఏడాది కొంటే, రేపు అమ్మేటప్పుడు దాని వయసును నిరుటి నుంచే లెక్క కడతారు. ఛాసిస్ నంబరు మీ పేరుతో నమోదు కాకముందే కారును పగటి వెలుతురులో చూడండి.

నల్లమల బాట, కర్నూలు

ఎక్కడ కొనాలన్నదాని మీదే అందరూ మాట్లాడుతున్నారు, ఏది కొనాలన్నది ఇంకా తేలలేదు. శింగనమల చెరువు గారూ, మీరు ఆరుగురు. సెల్టోస్‌లో ఐదుగురికే సీట్లు, ఐదు బెల్టులు. యాభై వేలు కాదు, లక్ష తగ్గించినా అది మీ అవసరానికి సరిపోదు. పిల్లల ఇష్టాన్ని నేను తేలిక చేయడం లేదు. కానీ ఆరో వ్యక్తిని ఒళ్ళో కూర్చోబెట్టుకొని తిరుపతి వెళ్ళే కుటుంబం ఎంత ప్రమాదాన్ని మోస్తోందో గువ్వలచెరువు ఘాట్ మీదుగా రాయచోటికి వెళ్ళినవారికి చెప్పనవసరం లేదు.

కేరెన్స్‌లో మూడు వరుసలు ఉన్నాయి, ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలో ఇస్తున్నారు. లోపం కూడా చెప్పాలి: 2022లో కార్లను ఢీకొట్టించి భద్రతను కొలిచే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో దానికి ఐదింటికి మూడు నక్షత్రాలే వచ్చాయి. మూడో వరుస నిలబెట్టినప్పుడు వెనుక మిగిలే చోటు 216 లీటర్లు, అంటే ఆరుగురి సామాను అందులో పట్టదు, పైన క్యారియర్ కావాలి. షోరూమ్‌కు అమ్మానాన్నలను తప్పక తీసుకువెళ్ళండి. మధ్య వరుసలో వాళ్ళు కూర్చొని, మూడో వరుసలోకి పిల్లలు తమంతట తాము వెళ్ళగలరేమో చూడండి. ఏప్రిల్ మధ్యాహ్నం మన ఊళ్ళలో కారు లోపల ఎంత వేడి ఉంటుందో తెలుసు కదా, ఏసీ గాలి చివరి వరుసకు ఎంతసేపటికి చేరుతుందో అదే సమయంలో నడిపి చూడండి. ఉదయం పూట టెస్ట్ డ్రైవ్‌తో ఈ విషయం తెలియదు.

ఇంజిన్ గురించి ఒక మాట. కేరెన్స్ మామూలు 1.5 లీటర్ల పెట్రోలు ఇంజిన్ 144 న్యూటన్ మీటర్ల టార్కు (చక్రాలను తిప్పే బలం), అదే పరిమాణం గల డీజిల్ 250 ఇస్తుంది. ఆరుగురితో ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కితే ఈ తేడా చేతికి తెలుస్తుంది. అయినా రోజూ బడికీ, బజారుకూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగేవారు డీజిల్ తీసుకుంటే, 2020 తరువాతి బీఎస్6 (పొగ కాలుష్య ప్రమాణం) కార్లలో ఉండే మసి వడపోత తనను తాను శుభ్రం చేసుకునేంత వేడి అందక మూసుకుపోతుంది. వారానికి ఒకసారైనా రహదారి మీద నిలకడగా నడిపేవారికే నేను డీజిల్ సూచిస్తాను.

శింగనమల చెరువు, అనంతపురం

సీట్ల సంగతి కాదనలేను. కానీ బడ్జెట్ విషయంలో ఇంట్లో మరో వాదన ఉంది. నాలుగు మీటర్ల లోపు కారు తీసుకుంటే పన్ను బాగా తక్కువ పడుతుందని, ఆరో వ్యక్తి కోసం ఎప్పుడైనా బాడుగ కారు పెట్టుకోవచ్చని తమ్ముడు అంటున్నాడు.

గుత్తి కోట, అనంతపురం

పన్ను గురించి తమ్ముడు గారు చెప్పింది నిజమే, పైగా ఇప్పుడు ఆ తేడా పెరిగింది కూడా. 2025 సెప్టెంబరు 22కు ముందు సెస్సుతో కలిపి చిన్న పెట్రోలు కారు మీద 29 శాతం, సెల్టోస్, కేరెన్స్ వంటి వాటి మీద 45 శాతం పన్ను ఉండేది. ఇప్పుడు అవి 18, 40 అయ్యాయి. అయితే పొడవు ఒక్కటే చూడరు. పెట్రోలు ఇంజిన్ 1200 సీసీ, డీజిల్ 1500 సీసీ దాటకూడదు. అందుకే మారుతి బ్రెజా నాలుగు మీటర్ల లోపే ఉన్నా, 1462 సీసీ పెట్రోలు ఇంజిన్ వల్ల 40 శాతంలోకి వెళుతుంది. నెక్సాన్, సోనెట్ వంటివి 18 శాతంలో ఉంటాయి. ఆరుగురూ కలిసి ప్రయాణించేది ఏడాదికి రెండు సార్లే అయితే తమ్ముడి మాట విలువైనదే, నెలనెలా ఉంటే కాదు.

పెన్నా ఒడ్డు, కడప

ఎవరూ రుణం మాట ఎత్తలేదు, డబ్బు ఎక్కువగా జారిపోయేది అక్కడే. షోరూమ్‌లో చెప్పే తగ్గింపు వారు చూపించిన ఫైనాన్స్ తీసుకుంటేనే వర్తిస్తుందా అని అడగండి. పది లక్షలకు ఐదేళ్ళపాటు 6 శాతం ఫ్లాట్ వడ్డీ (కడుతూ పోయినా మొదటి అసలు మొత్తం మీదే లెక్కించేది) అంటే చౌకగా వినిపిస్తుంది. కానీ వడ్డీ మూడు లక్షలు, నెల కిస్తీ 21,667 రూపాయలు అవుతుంది. తగ్గుతున్న అసలు మీద లెక్కిస్తే అది దాదాపు 10.85 శాతం వడ్డీ. ముందుగా బ్యాంకులో రుణం మంజూరు చేయించుకొని ఆ కాగితంతో షోరూమ్‌కు వెళ్ళండి. ఎక్స్‌షోరూమ్ ధర పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ (అమ్మేవారు మీ పేరిట ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు; అది ఖర్చు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది, కాబట్టి బేరంలో దాన్ని తగ్గింపుగా చూపితే ఒప్పుకోకండి.

శింగనమల చెరువు, అనంతపురం

బెంగళూరులోనే కొనాలన్న పట్టుదల నాకు ఇప్పుడు లేదు. బావమరిది గారిని కేరెన్స్ డీజిల్‌కు ప్రతి వరుస విడిగా రాసిన కొటేషన్ తెప్పించమన్నాను. అదే రాత కాగితాన్ని ఇక్కడి షోరూమ్‌లో చూపించి అడుగుతాను. బీమా, రుణం పక్కన పెట్టి చూసినా ముప్పై వేలకు మించి తేడా నిలబడితే బెంగళూరు వెళతాం, లేకపోతే రిజిస్ట్రేషన్ పనులన్నీ ఇక్కడి షోరూమ్ చేసిపెడుతుంది కనుక అనంతపురంలోనే తీసుకుంటాం. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఆరుగురమూ టెస్ట్ డ్రైవ్‌కు వెళుతున్నాం.

చిత్రావతి గట్టు, ధర్మవరం

ముప్పై వేల గీత సమంజసంగానే ఉంది. షోరూమ్‌కు నెల చివరి వారంలో వెళ్ళండి, అడ్వాన్సు కట్టేముందు తయారీ నెల ఏదో రసీదు మీద రాయించుకోండి.