కరాటే కిడ్: 1984 సాదా లుక్కా, 2010 బీజింగ్ హంగామానా?

పెరటి_కెమెరా:
1984, 2010 కరాటే కిడ్ సినిమాలు రెండూ వరసపెట్టి చూశా. కథ ఒకటే, పిల్లోడు కొత్త ఊరొస్తాడు, తన్నులు తింటాడు, ఓ పెద్దాయన దగ్గర విద్య నేర్చుకుంటాడు. కానీ చూపించే పద్ధతిలో నా ఓటు 84కే. డైరెక్టర్ ఆవిల్డ్‌సన్, కెమెరామన్ జేమ్స్ క్రేబ్ ఇద్దరూ 1976లో బాక్సింగ్ సినిమా రాకీ తీసినోళ్ళే కదా, ఇక్కడా అదే వరస, బిల్డప్ తక్కువ. 84లో కుర్రాడు డేనియల్ కారు తుడిచి, కంచెకి రంగేసి విసిగిపోయి గొడవపడితే గురువు మియాగి ఉన్నట్టుండి గుద్దులు విసురుతాడు, కుర్రాడి చేతులు వాటంతటవే అడ్డం పడతాయి, అక్కడ కెమెరా గిరగిరా తిరిగుంటే సీన్ చచ్చేది. 2010లో గ్రేట్ వాల్, ఫర్బిడెన్ సిటీ, వుడాంగ్ కొండలు... టూరిజం యాడ్ చూసినట్టుంది.

డ్రే_ఫ్యాన్:
బ్రో, టూరిజం యాడ్ అని భలే కొట్టిపడేశావ్. డేనియల్ న్యూజెర్సీ నుంచి కాలిఫోర్నియా వెళ్ళాడు, అమెరికాలో అమెరికానే. 2010 కుర్రాడు డ్రే డెట్రాయిట్ నుంచి బీజింగ్ వచ్చిపడ్డాడు, అక్కడి మాట ఒక్కటి రాదు, వాడు అంతంత ఫ్రేముల్లో చీమంత కనపడకపోతే ఆ ఒంటరితనం ఎట్లా తెలుస్తది? పైగా సినిమాలో బెస్ట్ సీన్ ఇంట్లోనే ఉంది. తన భార్యాకొడుకు చనిపోయిన కారుని గురువు జాకీ చాన్ బాగుచేసి మళ్ళీ తనే పగలగొడతాడు, తర్వాత హెడ్‌లైట్ల వెలుగులో ఇద్దరి నీడలు గోడ మీద ప్రాక్టీస్ చేస్తుంటాయి. అది కూడా యాడేనా?

నైట్‌షో_నాని:
84 సాదా అని ఎవరన్నారు అసలు? హాలోవీన్ రాత్రి నల్ల బట్టల మీద తెల్ల ఎముకలేసుకున్న గ్యాంగ్ వెంటపడుతుంటే చీకట్లో అస్థిపంజరాలే పరిగెత్తినట్టుంటాయి! కాకపోతే ఫైనల్ ఫైట్‌లో 84దే పైచేయి. ఒక్క కిక్కు, గోల, మియాగి మొహం మీద ఫ్రీజ్, సినిమా క్లోజ్. 2010లో స్లో మోషన్, పైగా స్టేడియంలో పెద్ద స్క్రీన్ మీద రీప్లే, స్లో మోషన్ కోసం మనం చైనా దాకా వెళ్ళాలా, ఇక్కడ సంక్రాంతికి కావాల్సినంత దొరుకుద్ది.

పెరటి_కెమెరా:
@డ్రే_ఫ్యాన్ నీడల సీన్ సూపరే, కాదనను. కానీ అది కూడా నా పార్టీకే ఓటు కదా, చిన్న జాగా, ఇద్దరు మనుషులు, కెమెరా నోరుమూసుకుని చూసింది.

డ్రే_ఫ్యాన్:
@పెరటి_కెమెరా ఓహో, బాగున్నవన్నీ మీ పార్టీయే అన్నమాట. అయితే వుడాంగ్‌లో నాగుపాము ముందు నిలబడిన ఆవిడ సీన్ కూడా లాక్కో, కొండ అంచున తీశారు మరి.