ఆఫ్‌సెట్ పక్కన డిజిటల్ మెషీన్ దిగాక ఏ పని దేని మీద వేస్తున్నారు?

ప్లేట్‌రూమ్:
మా ప్రెస్‌లో ఇన్నాళ్లూ నాలుగు రంగుల షీట్‌ఫెడ్ ఆఫ్‌సెటే (ప్లేట్లతో విడి షీట్ల మీద అచ్చు). ఈమధ్య ప్లేట్లు లేకుండా ఫైల్ నుంచే రంగు పొడితో అచ్చువేసే టోనర్ డిజిటల్ మెషీన్ వచ్చింది. రెండూ కలిపి చేస్తున్న మొదటి పెద్ద పని ఒక సంస్థ పుస్తకం. లోపలి పేజీలు ఆఫ్‌సెట్‌లో అన్‌కోటెడ్ (పైన పూత లేని) కాగితం మీద వేస్తున్నాం. కవర్ మీద ఒక్కో కాపీకి ఒక్కో సభ్యుడి పేరు రావాలి కాబట్టి అది డిజిటల్. కవర్‌లో ఉన్న ముదురు నీలమే లోపల అధ్యాయాల పట్టీల్లోనూ ఉంది. పక్కపక్కన పెడితే లోపలిది ఊదాలా కనిపిస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది. మీరెలా కుదురుస్తున్నారు?

రంగులపెట్టె:
ఆ నీలంలో మెజెంటా (గులాబీ ఛాయ ఇంకు) ఎంతుందో ముందు చూడండి. సయాన్ (ఆకాశనీలం ఇంకు) 100 శాతం, మెజెంటా 90 శాతం ఇస్తే ఊదాకి తిరగడం ఖాయం. రెండింటికీ కనీసం 30 తేడా ఉంచుతాం మేము. అన్‌కోటెడ్ కాగితం ఇంకు పీల్చి అచ్చులోని రంగు చుక్కను ఇంకా ఉబ్బిస్తుంది, కాబట్టి ఫైల్‌ని ఆ కాగితం ప్రొఫైల్‌లోకే (దాని మీద రంగులెలా పడతాయో చెప్పే సెట్టింగు) మార్చాలి.
ఇంకోటి, మెషీన్ మీంచి అప్పుడే దిగిన షీటు చూసి ఓకే చెప్పకండి. ఇంకు ఆరాక రంగు కాస్త మందగిస్తుంది. ఆరిన షీటును 5000 కెల్విన్ (పగటి వెలుగులాంటి) లైటు కింద పెట్టి, డిజిటల్‌నే దానికి తగ్గట్టు సర్దండి. ఆఫ్‌సెట్‌ని డిజిటల్ వెంట పరిగెత్తిస్తే కాగితం తగలెయ్యడమే.

కుట్టుబల్ల:
కవర్ సంగతి మర్చిపోవద్దు. టోనర్ కాగితంలోకి ఇంకదు, పైన పొరలా కూర్చుంటుంది. గ్రెయిన్ (కాగితం నారలు సాగే దిశ) పుస్తకం వెన్నుకి అడ్డంగా పడితే మడత దగ్గర పగిలి తెల్లగీత తేలుతుంది, ముదురు నీలంలో మరీ కొట్టొచ్చినట్టు. గ్రెయిన్ వెన్ను వెంబడి వచ్చేలా షీటు కోయించండి, లామినేషన్ అయ్యాక క్రీజింగ్ (మడత పడేచోట నొక్కే గాడి) వేసి అప్పుడే మడవండి. టోనర్‌ని గట్టిగా పట్టే లామినేషన్ ఫిల్మ్ వేరే దొరుకుతుంది, అదే అడగండి.

అక్షరాలు:
పేర్లు మారే పని అన్నారు కదా, అవి తెలుగులో ఉంటే జాగ్రత్త. కొన్ని వేరియబుల్ డేటా (ఒక్కో కాపీకి ఒక్కో పేరు మార్చే) సాఫ్ట్‌వేర్లు వత్తులను విడదీసి పక్కన పడేస్తాయి. లక్ష్మి, కీర్త్యా, స్త్రీ లాంటి మాటలతో ముందు ఒక షీటు తీయండి. తన పేరే చెడిపోయిన పుస్తకం అందుకున్న మనిషికి ఎంత బాధో నేను కళ్లారా చూశాను.

ఎస్టిమేట్:
ఏ పని ఎటు అన్నదానికి: రెండు వైపులా నాలుగు రంగులంటే ప్రతి ఫారానికి (ఒకే షీటు మీద కలిసి పడే పేజీలకి) 8 ప్లేట్లు, రంగు కుదిరేదాకా పోయే షీట్లు అదనం. కాపీలు పెరిగేకొద్దీ ఆ ఖర్చు పలచబడుతుంది. డిజిటల్‌లో మొదటి కాపీకీ చివరి కాపీకీ ఖర్చు దాదాపు ఒకటే. ఇండిగో అనే ప్రింటింగ్ మెషీన్ల కంపెనీ మొదటి డిజిటల్ కలర్ ప్రెస్ తెచ్చింది 1993లో. అప్పట్నుంచీ ఆఫ్‌సెట్ పని అయిపోయిందంటూనే ఉన్నారు. పెద్ద రన్ (ఎక్కువ కాపీల పని) వస్తే నేను ఇప్పటికీ కళ్లు మూసుకుని ఆఫ్‌సెట్‌కే పంపిస్తాను.

ప్లేట్‌రూమ్:
అందరికీ థ్యాంక్స్. మెజెంటా 65కి దించి ప్లేట్లు మళ్లీ తీయించాం, పట్టీలు నీలంగానే ఆరాయి. వత్తుల టెస్టులో ‘క్ష్మి’ విడిపోయింది, అందుకని పేర్లన్నీ ముందే అవుట్‌లైన్ చేసి (అక్షరాలను బొమ్మలుగా మార్చి) పంపుతున్నాం. కుట్టుబల్ల గారూ, మా డిజిటల్ మెషీన్‌కి వచ్చే షీట్లన్నీ ఒకే గ్రెయిన్‌వి. అడ్డం తిప్పి వేస్తే కవర్లు షీటుకి ఒకటే పడుతోంది, ఆ నష్టం తగ్గే దారి ఏమైనా ఉందా?