అప్‌డేట్: యాంప్లిఫైయర్ చివరికి ఎక్కడ కొన్నానంటే

ఎమ్మార్పీ 70,000 ఉన్న స్టీరియో యాంప్లిఫైయర్‌ని హైదరాబాద్‌లో ఒక షోరూమ్‌వాళ్లు 63,000కి ఇస్తామన్నారు, బయట ఒకాయన బిల్లు లేకుండా 52,000కే ఇస్తానన్నాడు, ఏది తీసుకోమంటారు అని అడిగాను కదా. షోరూమ్‌లోనే తీసుకున్నాను, 59,000కి.

మీరు చెప్పినట్టే "ఇంకెంత తగ్గిస్తారు" అని అడగలేదు. "స్పీకర్ వైరు, స్టాండ్లు కూడా ఇక్కడే కొంటాను, మొత్తానికి ఎంత చేస్తారు" అన్నాను. యాంప్లిఫైయర్ మీద కన్నా వైర్ల మీద డీలర్‌కి మిగిలే శాతం ఎక్కువ కాబట్టి ఓనర్‌గారు అక్కడ కాస్త సర్దుకుని ఇక్కడ దిగొచ్చారు. వైరు మాత్రం మామూలు రాగిదే తీసుకున్నాను, ఖరీదైనది వద్దన్నాను.

బిల్లు చేతికొచ్చాక అసలు విషయం తెలిసింది. ధర 50,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 9,000. అంటే పన్ను తీసేస్తే షోరూమ్ ధరే 2,000 తక్కువ! బయటి ఆయన తగ్గించింది తన లాభంలోంచి కాదు, కట్టని పన్నులోంచి. పైగా బిల్లు లేకపోతే కంపెనీ వారంటీ అడగడానికి మన దగ్గర ఆధారమే ఉండదు.

ఇంకో మాట. కొనకముందే నా పాత స్పీకర్లు తెచ్చుకోమని, వాటికే కనెక్ట్ చేసి తీరిగ్గా వినిపించారు. డెమో గది అద్దె, ఆ మనిషి సమయం అన్నీ డీలర్ మార్జిన్‌లోంచే రావాలి. అందుకే ఇంకా పిండాలనిపించలేదు.

కొత్త స్పీకర్లకి తొందర లేదు. మోడల్ మారేటప్పుడు డెమో జత అమ్మితే ఫోన్ చేస్తామన్నారు.