ఎలక్ట్రిక్ ఎయిర్ అంబులెన్స్ మన ఏజెన్సీకి ఇప్పుడే కావాలా?

గోస్తని (చర్చ మొదలుపెట్టినవారు)

చెన్నైలో ఈప్లేన్ అనే స్టార్టప్ ఉంది. ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ సత్య చక్రవర్తి 2019లో మొదలుపెట్టారు. రన్‌వే అక్కర్లేకుండా నిలువుగా లేచి, పైకి వెళ్లాక రెక్కల మీద ముందుకు సాగే ఎలక్ట్రిక్ విమానం వీళ్లు తయారుచేస్తున్నారు. 2025 ఫిబ్రవరిలో, ఎయిర్ అంబులెన్సులు నడిపే ఐక్యాట్ సంస్థకు 788 విమానాలు ఇచ్చేలా ఒప్పందం కుదుర్చుకున్నారు. దాని విలువ 100 కోట్ల డాలర్ల పైనే. దేశంలో జిల్లాకు ఒకటి అన్నది ఆలోచన. లోపల పైలట్, ఒక పారామెడిక్, స్ట్రెచర్ మీద పేషెంట్. ఒక ఛార్జింగ్‌తో 110 నుంచి 200 కిలోమీటర్లు వెళ్తుందని కంపెనీ చెబుతోంది.

మన ఏజెన్సీకి, అంటే అల్లూరి జిల్లా గిరిజన కొండ ప్రాంతానికి, ఇలాంటిది కావాలని ఇప్పటి నుంచే అడగాలా, లేక ముందు రోడ్లు, డాక్టర్లు రానిచ్చి అప్పుడు చూడాలా? అడగాలనే నేనంటాను. జిల్లా కేంద్రం పాడేరు నుంచి విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి రోడ్డు మీద సుమారు 110 కిలోమీటర్లు, అందులో ఘాట్. వానాకాలంలో కొండచరియ జారిపడితే ఆ దారి కూడా ఉండదు. గాల్లో నేరుగా కొలిస్తే 70 చిల్లర. గంటకు 200 వేగంతో వెళ్లే విమానానికి అది అరగంట కూడా పట్టదు. కాన్పయ్యాక రక్తం ఆగని బాలింతకు ఆ తేడా ఎంతటిదో ఇక్కడి వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఘాట్‌రోడ్డు

ముందు రోడ్లేనండీ. మన దగ్గర ప్రాణాలు పోయేది పాడేరు ఆసుపత్రి దాటాక మాత్రమే కాదు, పాడేరు చేరకముందే పోతున్నాయి. కొండ మీది ఊరి నుంచి రోడ్డు దాకా డోలీ మోసుకొచ్చే ఆ నాలుగైదు కిలోమీటర్లే అసలు సమస్య. ఈ విమానం ఆ ఊళ్లో ఎక్కడ దిగుతుంది? చదునైన జాగా కావాలి, దుమ్ము రేగకూడదు, చుట్టూ చెట్లు, కరెంటు తీగలు ఉండకూడదు. అలాంటి జాగా ఉన్న ఊరికి రోడ్డు ఎప్పుడో పడి ఉంటుంది. రాజమండ్రి నుంచి పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఇ జాతీయ రహదారి, దానికి కలిపే లింకు రోడ్లు, ప్రసవానికి ముందే గర్భిణులను దించి ఉంచే వసతి గృహాలు, బైక్ అంబులెన్సులు. డబ్బు వీటికి పెట్టాలి.

ఏరోడైనమో

నేను బ్యాటరీల మీద పనిచేస్తాను. విమానాల కంపెనీలో కాదు, కానీ లెక్క ఒకటే.

విమాన ఇంధనం కిలోకి దాదాపు 12,000 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. మంచి లిథియం అయాన్ సెల్‌లో కిలోకి 250 చుట్టుపక్కల. మోటారు ఇంజిన్ కంటే ఎంతో పొదుపుగా వాడుకుంటుంది కాబట్టి చివరికి తేడా ఆ 48 రెట్ల నుంచి పదిహేను రెట్ల దాకా తగ్గుతుంది. అయినా చాలా ఎక్కువే. పైగా నిలువుగా లేచేటప్పుడు, దిగేటప్పుడు, రెక్కల మీద సాగేటప్పటి కంటే ఎన్నో రెట్ల పవర్ లాగుతుంది. దిగేటప్పటికి బ్యాటరీ ఖాళీ కావస్తుంటుంది, సరిగ్గా అప్పుడే ఎక్కువ కరెంటు ఇవ్వాలి. సెల్ పాతబడే కొద్దీ ఇది ఇంకా కష్టం.

మన రూటుకి వస్తే, విశాఖ సముద్రమట్టంలో ఉంది, పాడేరు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, చుట్టుపక్కల కొండలు 1600 దాటతాయి. శిఖరాలకు పైగా వెళ్లాలంటే కనీసం 1800 మీటర్లు ఎక్కాలి. ప్రతి టన్ను బరువుకీ ఆ ఎత్తుకే దాదాపు 5 యూనిట్ల కరెంటు, నష్టాలు కలపకుండా. కొండల మధ్య లోయ పట్టుకుని తక్కువ ఎత్తులో వెళ్లొచ్చు, కానీ మబ్బు కమ్మితే ఆ దారి ప్రమాదం.

ఇటలీలో టెక్నామ్ అనే పాత విమానాల కంపెనీ, పి-వోల్ట్ అనే ఎలక్ట్రిక్ విమానం పనిని 2023లో ఆపేసింది. కొన్ని వందల ఫ్లైట్లకే బ్యాటరీ మొత్తం మార్చాల్సి వస్తుందన్నది వాళ్లు చెప్పిన ముఖ్య కారణాల్లో ఒకటి. అంబులెన్స్‌కి ఆ ఖర్చు ఎవరు భరిస్తారు?

నైట్‌డ్యూటీ108

నేను 108 అంబులెన్స్‌లో ఈఎంటీని, అంటే దారిలో పేషెంట్‌కి అత్యవసర వైద్యం చూసేవాడిని. బ్యాటరీ సంగతి పైన చెప్పారు, నేను పేషెంట్ సంగతి చెబుతాను.

వేగం ఒక్కటే ప్రాణం కాపాడదు. ఫిట్స్ వస్తున్న గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ పడకుండా, బీపీ అదుపులోకి రాకుండా, ఎంత వేగంగా తీసుకెళ్లినా దారిలోనే పోవచ్చు. రక్తస్రావం అవుతుంటే ఆక్సిటోసిన్, సెలైన్, వీలైతే రక్తం ముందు పీహెచ్‌సీలోనో సీహెచ్‌సీలోనో అందాలి. ఆ తర్వాతే ప్రయాణం. ఇక ఆ చిన్న క్యాబిన్‌లో బెల్టు పెట్టుకుని కూర్చున్న ఒక్క పారామెడిక్ ఏం చేయగలడు? మధ్యలో గుండె ఆగితే సీపీఆర్‌కి మోకాళ్ల మీద లేవడానికి చోటుంటుందా? రోడ్డు మీద అయితే నేను పక్కన ఆపమంటాను. గాల్లో ఆపమనలేను.

ఇంకో మాట. మాకు పెద్ద కేసులు చాలావరకు రాత్రిపూటే. లంబసింగి, చింతపల్లి వైపు చలికాలంలో తెల్లవారాక కూడా మంచు వీడదు. వానాకాలంలో మబ్బు కొండ మీదే కూర్చుంటుంది. కొండల్లో హెలికాప్టర్‌కే ఎంత కష్టమో చూడండి. రిషికేశ్ ఎయిమ్స్‌వాళ్ల హెలి అంబులెన్స్ 2024 అక్టోబరులో మొదలైంది, 2025 మే 17న కేదార్‌నాథ్‌లో దిగుతూ తోక విరిగింది. లోపలున్న ముగ్గురూ బయటపడ్డారు, అదే నయం.

మున్నేరు

ఖమ్మం నుంచి. 2024 సెప్టెంబరు 1న మా ప్రకాశ్ నగర్ బ్రిడ్జి మీద తొమ్మిది మంది చిక్కుకున్నారు, చుట్టూ మున్నేరు వరద. హెలికాప్టర్ కోసం ఎదురుచూశాం, వాతావరణం బాగోలేదని రాలేదు. చివరికి ఒక జేసీబీ డ్రైవర్ ప్రాణాలకు తెగించి వెళ్లి వాళ్లను తెచ్చాడు. రెస్క్యూ కోసం అని చెప్పే ఏ యంత్రాన్నయినా నేను అడిగేది ఇదే: వాన కురుస్తుండగా, ఈదురుగాలి వీస్తుండగా వస్తుందా? నీళ్ల పైన నిలిచి తాడు దించగలదా? నిలువుగా లేవడం, దిగడం బ్యాటరీకి ఎంతో భారమని పైన రాశారు, గాల్లో నిలవడమూ అంతే. అలాంటప్పుడు వరదల్లో ఇది పనికిరాదు. ఎయిర్ అంబులెన్స్ వేరు, రెస్క్యూ వేరు. ఈ రెంటినీ కలిపి మాట్లాడుతుంటే మాకు బాధగా ఉంటుంది.

అదే వారం విజయవాడలో బుడమేరు నీళ్లలో ఉన్నవాళ్లకు డ్రోన్లతో ఆహారం పంపారు. మనిషిని మోయకపోయినా అది పనికొచ్చింది.

ఇసార్_ఒడ్డు

నేను మ్యూనిక్‌లో ఉంటాను, ఇక్కడి అనుభవం చెబితే ఉపయోగపడుతుందేమో.

జర్మనీలో ఎయిర్ అంబులెన్స్ హెలికాప్టర్లు నడిపే పెద్ద సంస్థ ఏడీఏసీ. వాళ్లు 2018 నుంచి ఒకటిన్నర, రెండేళ్లపాటు వోలోకాప్టర్ అనే స్టార్టప్‌తో కలిసి ఇదే ప్రశ్న మీద అధ్యయనం చేసి 2020లో నివేదిక ఇచ్చారు. అందులో నాకు ముఖ్యమనిపించింది ఏంటంటే, వాళ్లు పేషెంట్‌ని ఎక్కించాలనుకోలేదు. ఎమర్జెన్సీ డాక్టర్‌ని ఎక్కించాలనుకున్నారు. డాక్టర్ గాల్లో వేగంగా పేషెంట్ దగ్గరికి వెళ్లి వైద్యం మొదలుపెడతాడు, తర్వాత మామూలు అంబులెన్స్‌లో రోడ్డు మీద ఆసుపత్రికి. స్ట్రెచర్ బరువు లేదు, క్యాబిన్ ఇరుకు గొడవ లేదు. అమెరికాలో జంప్ ఏరో అనే కంపెనీ కూడా ఒక్క మనిషి పట్టే విమానంతో ఇదే దారిలో వెళ్తోంది. నైట్‌డ్యూటీ గారు అడిగిన దానికి ఇదొక సమాధానం.

కానీ కంపెనీ గతి కూడా చెప్పాలి. వోలోకాప్టర్ 2024 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది. ఇలాంటి విమానాలే చేసే ఇక్కడి కంపెనీ లిలియం అంతకు రెండు నెలల ముందు వేసింది. రెండూ ఎంతో డబ్బు, ఎంతో పేరు ఉన్న కంపెనీలు. జిల్లా వైద్యాన్ని ఒక్క స్టార్టప్ మీద ఆధారపడేలా చేస్తే, అది మూతపడిన రోజు విడిభాగాలు ఎవరిస్తారు?

గోస్తని

ఇసార్ గారూ, డాక్టర్‌ని పంపే పద్ధతి జర్మనీకి సరిపోతుంది. అక్కడ పంపడానికి ఎమర్జెన్సీ డాక్టర్ డ్యూటీలో ఉంటాడు. మాకు ఆ డాక్టరే లేడు. పాడేరులో 2024లో మెడికల్ కాలేజీ వచ్చింది కాబట్టి ముందు ముందు మారవచ్చు. ఈరోజుకి మాత్రం స్పెషలిస్టులు, బ్లడ్ బ్యాంకులో నిల్వలు, పిల్లల ఐసీయూ చాలావరకు విశాఖలోనే.

ఘాట్‌రోడ్డు గారూ, డోలీ సమస్యకు ఇది మందు అని నేను అనలేదు, అనను. డోలీకి రోడ్డే మందు. నేను అడిగేది ఒకే ఒక్క దారికి: పాడేరు ఆసుపత్రి నుంచి కేజీహెచ్‌కి. ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి. అక్కడ పేషెంట్‌కి ముందు వైద్యం అందుతుంది, దిగడానికి కట్టిన జాగా ఉంటుంది, ఛార్జర్ ఉంటుంది. ఊళ్లకు వెళ్లక్కర్లేదు, బ్రిడ్జి మీద నిలవక్కర్లేదు.

డాక్టర్లు, రోడ్లు వచ్చాకే అనే మాటకు ఒకటి గుర్తుచేస్తాను. 108 మొదలైంది 2005 ఆగస్టు 15న, హైదరాబాద్‌లో. అప్పుడు పీహెచ్‌సీలన్నిట్లో డాక్టర్లు ఉన్నారా? ఊళ్లన్నిటికీ తారు రోడ్డు ఉందా? అన్నీ సరిగ్గా అమరే దాకా ఆగి ఉంటే ఆ సర్వీసు ఇప్పటికీ వచ్చేది కాదు.

ఏరోడైనమో

ఒక్కటే దారి అంటే లెక్క మారుతుంది, ఒప్పుకుంటాను. అయితే ఒక షరతు. విమానం ఉండాల్సింది విశాఖలో కాదు, పాడేరులో.

విశాఖలో పెడితే, కాల్ వచ్చాక ఖాళీగా కొండ ఎక్కి పాడేరు చేరేసరికి ఛార్జ్ సగం పైన పోతుంది. చేతిలో కనీస రిజర్వ్ ఎప్పుడూ ఉండాలి, దాన్ని ముట్టుకోకూడదు. అంటే పేషెంట్‌ని పక్కన పెట్టుకుని ఛార్జింగ్ కోసం కూర్చోవాలి. ఆ లోపు అంబులెన్స్ సగం ఘాట్ దిగిపోతుంది. పాడేరులో పూర్తి ఛార్జ్‌తో సిద్ధంగా ఉంటే, బరువుతో వెళ్లే దారి కిందికి. ఖాళీగా తిరిగొచ్చే దారి పైకి, అది కూడా విశాఖలో తీరిగ్గా ఛార్జ్ చేసుకుని. బ్యాటరీకి ఇంతకంటే అనుకూలమైన రూటు ఉండదు. జిల్లాకొకటి అని పంచేటప్పుడు ఈ విషయం ఎవరైనా ఆలోచిస్తున్నారా అన్నదే నా టెన్షన్. జిల్లా కేంద్రం పేరు చూసి పంచితే సగం చోట్ల తప్పు చోట ఉంటాయి.

తుఫానుకి ఏజెన్సీలో కరెంటు పోతుంది కాబట్టి ఛార్జర్ పక్కన వేరే బ్యాటరీ బ్యాంకు కూడా పెట్టాలి.

ఘాట్‌రోడ్డు

100 కోట్ల డాలర్లను 788తో భాగిస్తే ఒక్కోటి 10, 11 కోట్ల రూపాయలు. పైలట్లు, మెయింటెనెన్స్, మీరన్న బ్యాటరీలు అదనం. ఆ డబ్బుతో ఎన్ని లింకు రోడ్లు పడతాయో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఇంజినీర్‌ని అడగండి. రోడ్డు మీద అంబులెన్సే కాదు, కాఫీ గింజలూ వెళ్తాయి, బడి పిల్లలూ వెళ్తారు. విమానం మోసేది ఒక్క పేషెంట్‌ని. పైగా ఐక్యాట్ ప్రైవేటు సంస్థ. బిల్లు పేషెంట్ కడతాడా, ప్రభుత్వమా? 108 నిలబడింది ఉచితం కాబట్టే. అది తేలకుండా నేను ఒప్పుకోను.

గోస్తని

ఉచితంగానే ఉండాలి, అందులో రెండో మాట లేదు. ప్రభుత్వం ఫ్లైట్‌కి ఇంత అని కట్టి, 108 కాల్ సెంటర్ నుంచే పంపాలి. డబ్బున్నవాళ్లకు ఎయిర్ అంబులెన్సులు ఇప్పటికే ఉన్నాయి, వాళ్ల కోసం నేను ఈ చర్చ పెట్టలేదు. రోడ్ల బడ్జెట్‌లోంచి ఒక్క రూపాయి తీసినా నేనే వ్యతిరేకిస్తాను. ఆరోగ్యశాఖ నుంచి, ఒక్క రూటుకి, విమానానికి ఎగిరే సర్టిఫికెట్ వచ్చాకే, ప్రయోగంగా.

నైట్‌డ్యూటీ108

పాడేరులో పెట్టి, మా కాల్ సెంటర్‌తో కలిపి, పీహెచ్‌సీలో వైద్యం మొదలయ్యాకే లేపుతామంటే నాకు అభ్యంతరం లేదు. కానీ ఒప్పందంలో రాత్రి ఎగరగలదా, ఎంత మబ్బులో ఎగరగలదో అన్నది ముందే రాయించండి. ఎగరలేని రాత్రి అదే పేషెంట్‌ని నేనే రోడ్డు మీద తీసుకెళ్లాలి. విమానం వచ్చిందని చెప్పి మా బండి ఒక్కటి తగ్గించినా ఆ రాత్రి కేసుకి ఎవరూ ఉండరు. పాడేరులో ఉన్న 108 బండ్లలో ఒక్కటీ తీయమని రాతపూర్వకంగా ఇస్తే, మీ వినతిపత్రం మీద మొదటి సంతకం నాది.